బొగ్గుపులుసు గాలి

సురేందర్ మొదటి మాట అనగానే తండా అంతా నవ్వింది.

"బొగ్గుపులుసు వాయువు వలన భూమి వేడెక్కుచున్నది" అన్నాడతను.

"బొగ్గుతోని పులుసా! ఎట్ల తింటరు సారూ?" ముందు కూర్చున్న ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

సురేందర్, ఊర్మిళ వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నారు. ఎనభై ఐదు వేసవి సెలవుల్లో ఊరూరా తిరిగి వాతావరణం సంగతులు చెప్పాలని బయలుదేరారు. నర్మెట్టలో బస్సు దిగి, మూడు మైళ్లు నడిచి ఈ తండాకు వచ్చారు. గుట్ట మీది చెట్లు కొట్టి, బట్టీల్లో బొగ్గు కాల్చడం ఇక్కడ ఎలాగైనా మాన్పించాలని వాళ్ల పట్టుదల.

"మా ముసలోళ్లకు మీ తెలుగు సమజైతలేదు సారూ. మా భాషల నేను చెప్త, మీరు కానియ్యుండ్రి" అంటూ వెనక నుంచి ఒకాయన లేచాడు.

మాసిన తలపాగా. నెరిసిన మీసాలు.

సురేందర్ మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ గాలి భూమికి దుప్పటి కప్పినట్టు..."

మాట పూర్తికాలేదు. ఆయన పక్క గుడిసెలోంచి గొంగడి తెచ్చి సురేందర్‌కు తల మీదుగా కప్పేశాడు.

"ఎట్లున్నది సారూ?"

"ఉడికిపోతున్న!"

"జర గట్లనే ఉండుండ్రి."

తండావాళ్ల వైపు తిరిగి లంబాడీలో ఏదో అన్నాడు. నవ్వులే నవ్వులు. నవ్వీ నవ్వీ ఊర్మిళకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గొంగడిలోంచి బయటపడి సురేందర్ అసలు మాటకు వచ్చాడు.

"ఇగ చెట్లు కొట్టకుండ్రి. బట్టీలు బందు పెట్టుండ్రి."

ఈసారి ఆయన తలపాగా సర్దుకున్నాడు. ఒకసారి గుట్ట వైపు చూశాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు.

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలామె లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. అంతే, తండా మొత్తం చప్పట్లు!

"నేను రెండు మాటలంటే మీరు గంతసేపు చెప్పిండ్రేంది?" సురేందర్ అడిగాడు.

"మీ మాటే సారూ. జర సాగదీసిన."

తిరుగు బస్సులో సురేందర్ పొంగిపోతున్నాడు.

"చూసినవా ఊర్మిళా, మన సైన్సు ఎట్ల పనిచేసిందో!"

జనగామ పోతున్న రామి అనే తండా ఆమె ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"సైన్సేమో గని సారూ, చాంద్యా మాటకే అందరు ఒప్పుకున్నరు."

"గొంగడి కప్పినాయనా? ఏమన్నడు అవ్వా?" అంది ఊర్మిళ. ఆయన పేరైనా తాము అడగలేదని అప్పుడే తట్టింది.

"రేపు పొద్దుగాల గడ్డపారలు పట్టుకొని రాండ్రి, మూడు బట్టీలు కూలగొడదాం అన్నడు. కూలి పని పోతదని రంది వద్దు, గుట్టకింద నా చెల్క అందరం కలిసి దున్నుకుందాం అన్నడు."

"మరి బట్టీలోళ్లు ఊకుంటరా?"

రామి నవ్వింది.

"ఆ మూడు బట్టీలు ఆయనయే బిడ్డా."