ఐసు పెట్టె

హార్బరులో చేపలమ్మే పాపాయమ్మ, మొగుడు పోలిరాజుని గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేర్పించింది. పూటపూటా వచ్చి నాడి చూసే కుర్ర డాక్టరే ఆమెకి దేవుడు.

"ఏమాత్రం తేడా చేసినా కబురు పెట్టమ్మా. పక్కన ల్యాబులోనే ఉంటాను," అనేవాడు.

"సొంత తమ్ముడైనా ఇలా సూడడు బాబూ," అనేది.

ఆ మధ్యాహ్నం పోలిరాజు ఊపిరి ఆగింది. పిలవగానే డాక్టరు పెట్టెతో పరుగున వచ్చాడు. అందులో మందులున్నాయనుకుంది.

"ప్రాణం పోయిందమ్మా. గుండె వెంటనే తియ్యాలి, ఒప్పుకో. ఆలస్యమైతే దాన్ని కొట్టించే నరాల్లో ఎంజైములు పాడైపోతాయి. నా పరిశోధనంతా వాటి మీదే," అంటూ పెట్టె మూత తీశాడు.

నిండా ఐసు.

పాపాయమ్మ మొగుడి గుండె మీంచి చెయ్యి తియ్యలేదు.

"నానూ అంతే బాబూ. పడవ ఒడ్డుకి రాకముందే ఐసు కొనీసి, ఎదురుసూత్తా కూకుంటాను."