కుడి గది

"లిఫ్టొద్దు, మెట్లెక్కుదాం," అంది కాసులమ్మ, ఆసుపత్రి వరండాలో ఆగి.

"పిచ్చా నీకు? డాక్టరుగారు పై అంతస్తులో ఉన్నారు," అంది సుశ్మిత.

"ఉండనీ. అప్పుడు నాలుగు మెట్లకే ఊపిరి అందలేదు కదా. ఈ రోజెంత అందుతాదో సూద్దాం."

పొద్దున్న డాక్టర్ లక్ష్మీకాంత్ ఫోన్ చేసినప్పటి నుంచి ఇద్దరికీ కాలు నిలవడం లేదు. "పోయినవారం తీసిన స్కాను ఫలితం వచ్చింది. ఇద్దరూ రండి, ఫోన్‌లో చెప్పను," అన్నాడాయన. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి, ఆ మాట గబగబా అనేశాడు. కాసులమ్మ చేపల బుట్ట కోడలు ఎర్రమ్మ నెత్తికెత్తి, ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ నుంచి దొరికిన బస్సెక్కి బరంపురంలో దిగింది. సుశ్మిత కాలేజీలో చెప్పాల్సిన పాఠం ఇంకొకరికి అప్పగించి వచ్చింది.

ఒకరి చేయి ఒకరు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు.

ఇదంతా మొదలైంది కూడా మెట్ల మీదే. సుశ్మిత ఉండే మేడకి కాసులమ్మ ఏళ్ళ తరబడి చేపలు తెచ్చేది. ఒక ఉదయం ఇద్దరూ మెట్ల మధ్యలో ఎదురుపడ్డారు. మాట పెగల్లేదు, కళ్ళు తిరిగాయి, పెదాలు నల్లబడ్డాయి. ఒకరు కూలబడుతుంటే ఒకరు పట్టుకున్నారు. బుట్టలోని చేపలన్నీ కింద దాకా జారిపోయాయి.

ఆ తర్వాత ఆసుపత్రులన్నీ కలిసే తిరిగారు. ఒకరు ఆస్తమా అన్నారు. ఇంకొకరు రక్తం తక్కువన్నారు. మరొకాయన మనసులో ఏదో దిగులుందన్నాడు. చివరికి, ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తున్న లక్ష్మీకాంత్ దగ్గర తేలింది.

"ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఇరుకైపోయాయి," అన్నాడాయన అప్పుడు. "వాటిలోకి రక్తాన్ని తొయ్యాలంటే గుండెలో కుడి గది ఎంతో కష్టపడాలి. కష్టపడి కష్టపడి ఉబ్బిపోయింది."

"ఇలాగే ఉంటే ఏటవుద్ది బాబూ?" అని కాసులమ్మే అడిగింది.

"ఒకరోజు అలసిపోతుంది," అన్నాడాయన. "కొత్త మందొకటి పరీక్షిస్తున్నాం. నయమవుతుందని మాట ఇవ్వలేను. చేరతారా?"

సుశ్మిత కిటికీ వైపు తిరిగి బయటికి చూసింది. కాసులమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సేరతాం బాబూ. బయపడి ఇంట్లో కూకుంటే ఆ గది సిన్నదైపోద్దేటి?"

అప్పటి నుంచి రోజూ పొద్దున్న, మేడ కింద నుంచి ఒక కేక, పై నుంచి ఒక కేక. మాత్ర పడిందా అంటే పడిందని. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి కూడా అది అలవాటైపోయింది.

పై మెట్టు మీద కాలు పెట్టాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్కడా ఆగలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

"సూసినావా?" అంది కాసులమ్మ, నవ్వు ఆపుకోలేక.

లక్ష్మీకాంత్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మెట్లెక్కి వచ్చారా? అయితే ఒక్కసారి నడిచి చూపించండి. తర్వాతే ఫలితం."

ఆ పొడవాటి వరండాలో, నర్సు గంట కొట్టేదాకా అటూ ఇటూ నడవాలి. ఎంత దూరం నడిస్తే అంత నయమన్నట్టు. పోయినసారి గోడవార కుర్చీ దాకా వచ్చి అక్కడే చతికిలబడాల్సి వచ్చింది.

"పక్కపక్కన వద్దు, ఒకరి వేగం ఒకరికి అంటుకుంటుంది. ముందొకరు, వెనకొకరు," అన్నాడు డాక్టరు.

సుశ్మిత ముందు నడిచింది. కాసులమ్మ వెనక.

"నా కోసం సూడకు. నువ్వెల్లు," అంది కాసులమ్మ.

"ఆస్తే, ఆస్తే," అని ఒడియాలో నెమ్మదిగా నడవమంది నర్సు. ఎవరూ వినలేదు. కుర్చీ వచ్చింది. కుర్చీ దాటారు. వరండా చివరి గోడ ముట్టుకుని వెనక్కి తిరిగారు. లక్ష్మీకాంత్ చేతులు కట్టుకుని నిలబడలేక, వాళ్ళతో పాటు గోడ వెంబడే నడవడం మొదలుపెట్టాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ గోడ. గంట మోగింది.

"ఆయాసంగా ఉందా?"

"లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

డాక్టరు వాళ్ళని గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటర్ తెర వెలిగించాడు. పక్కపక్కన రెండు బొమ్మలు కదులుతున్నాయి. కాసులమ్మ దగ్గరికెళ్ళి వంగి చూసింది.

"ఇదేటి బాబూ, గాలి మింగిన సేప పొట్టలాగున్నాది?"

"అది మందు మొదలుపెట్టక ముందు. కుడి గది ఉబ్బిపోయి ఎడమదాన్ని నొక్కేస్తోంది, చూడండి. ఇటుపక్కది పోయినవారానిది. గది దాదాపు మామూలుగా అయింది. నాళాల్లో ఒత్తిడి కూడా దిగింది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా పరిశోధనలో ఇంత బాగా తగ్గిన మొదటి గుండె ఇదే అమ్మా."

కాసులమ్మ ఆ రెండో బొమ్మ మీద అరచెయ్యి ఆనించింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. గుమ్మం దగ్గర నర్సు కూడా కళ్ళు తుడుచుకుంది.

సుశ్మిత మాత్రం తెర దగ్గరికి రాలేదు.

"ఆ బొమ్మల మీద పేరు లేదేం?" అంది.

"పరిశోధనలో పేర్లు రాయకూడదు. నంబరే ఉంటుంది."

"ఆస్తమా అన్నప్పుడు నమ్మాం. రక్తం తక్కువంటే నమ్మాం. తీరా ఇది ఇంకెవరిదో అయితే?"

లక్ష్మీకాంత్ నవ్వుతూ తెరని ఆమె వైపు తిప్పాడు.

"ఇది మీ గుండే, సుశ్మితగారూ. ఆ రోజు మెట్ల మీద కూలబడింది మీరే, పట్టుకున్నది కాసులమ్మ."