మాట చెడినవాళ్ళు

ధనశేఖర్ సారుకు ఒళ్ళు మండింది. మంచం మీద మోనిష పరిచిన చీటీల్లో ఒకటి తప్పుచోట ఉంది.

చీటీకొక నాటకకర్త. అర్థంలేని బతుకును అర్థంలేనట్లే రంగస్థలం మీద చూపించినవాళ్ళందరినీ సారు ఏనాడో మూడు కుప్పలు పోశాడు. కాచుకునేవాళ్ళు, మాట చెడినవాళ్ళు, ఏడవలేక నవ్వేవాళ్ళు. యుద్ధం చూసి నాటకం రాసిందెవరో, సర్కస్ బఫూన్‌ను చూసి రాసిందెవరో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వేలూరు కాలేజీలో ఆయన పాఠమంటే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు.

పరదరామి ఊరి పిల్ల మోనిష ఆయన దగ్గర ఆఖరి పరిశోధక విద్యార్థి. థీసిస్ ఇవ్వడానికి రేపే గడువు. ఆ చీటీ అక్కడే ఉండిపోతే పరీక్షకులు వెనక్కి కొడతారు. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. ఆ అనుమానంతోనే పాపం, బస్సెక్కి గుడియాత్తంలో సారింటి దాకా వచ్చింది.

"ఈయన్ని కాచుకునేవాళ్ళలో పెట్టినా సార్. సరేనా?"

"కాదమ్మా, మాట చెడినవాళ్ళలో పెట్టు. ఈయన పాత్రలు ఎవురికోసమూ కాచుకోవు. నోరు నొప్పెట్టేట్టు మాట్లాడతాయి, ఎదుటోళ్ళకు ఒక్క ముక్కా చేరదు."

మోనిష చీటీ కదపలేదు. సారు మళ్ళీ చెప్పాడు, ఈసారి ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్లు నిదానంగా. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత తెలివైనదానికి ఇవాళ ఏమొచ్చింది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లుందే! విసుగొచ్చి కసిరాడు. ఆమె తల వంచుకుంది.

కాసేపటికి చీటీలన్నీ ఎత్తి, కుప్పకొక రబ్బరు బ్యాండు వేసింది. ఆ చీటీ కాచుకునేవాళ్ళలోనే పోయింది. వద్దమ్మా, కొంప మునుగుతుందని సారు గొంతు చించుకున్నాడు. మోనిష ఆయన కాళ్ళకు మొక్కి సంచీ తగిలించుకుంది.

గుమ్మంలో ఆయన భార్య అంబుజం కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"సారు ఎందుకిట్లంటా ఉండారమ్మా?" అని మోనిష మెల్లగా అడిగింది.

అంబుజం కొంగుతో కళ్ళొత్తుకుంది. "సంతలో టెంకాయ బేరం చేస్తా పడిపోయిన దినం నుంచి ఏమడిగినా 'టెంకాయ' అనే ఆ ఒక్క మాటే గదమ్మా, ఇప్పుడు నీతో ఇంతసేపూ చెప్పిందీ అదే."