చొక్కా తగిలింది

స్నూకర్ ఫైనల్ చివరి ఫ్రేమ్‌లో బల్ల మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరు పాకెట్‌లో వేస్తే ఛాంపియన్‌షిప్ వాళ్ళదే. ఆడే వంతు నా ప్రత్యర్థిది, అంటే మా బావది. అక్క పెళ్ళయిన నాటి నుంచి మేమిద్దరం ఉప్పూ నిప్పూ.

బంతి చాలా కష్టమైన చోట ఉంది. అతను వంగుతాడు, లేస్తాడు, మళ్ళీ వంగుతాడు. నేను కుర్చీలో కూర్చుని లోలోపల నవ్వుకుంటున్నాను. అతను గురి తప్పితే నాకు నల్లేరు మీద నడకే.

ఉన్నట్టుండి రిఫరీ వైపు తిరిగాడు.

"నా చొక్కా చెయ్యి నల్లబంతికి తగిలిందండి. ఫౌల్."

రిఫరీ చూడలేదు. కెమెరాకి అతని వీపు అడ్డం. ఆటగాడే ఒప్పుకున్నాక ఇక మాటేముంది. నల్లబంతి మీద ఫౌల్ అయితే ఏడు పాయింట్లు ఎదుటివాడికి; అవి నాకొచ్చాయి, ఆట అక్కడితో ముగిసింది, కప్పు నాదైంది.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, అతనికి. విలేకరులు నన్ను దాటుకుంటూ వెళ్ళి అతని చుట్టూ మూగారు. నిజాయితీ అన్న మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మా అక్క అయితే కళ్ళొత్తుకుంది.

బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరమే మిగిలాం.

"నీ చొక్కా తగల్లేదు బావా. నేను ఎదురుగానే కూర్చున్నా. బంతికీ దానికీ వేలెడు ఎడం ఉంది."

"ఉంది," అన్నాడు బూట్లు విప్పుకుంటూ. "ఎలాగూ పోయే ఆట. ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి?"

"సిగ్గులేదూ నీకు? ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్తా."

అతను లేచి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. బయట విలేకరులు ఇంకా ఉన్నారు.

"చెప్పు. ఆ కప్పు కూడా పట్టుకెళ్ళు, వెనక్కి ఇవ్వాలిగా."

నేను కప్పుని చంకలోకి లాక్కున్నాను.

"తలుపెయ్యి," అన్నాను.