వంతెన మీద మొక్కు

“కుదరదంటే కుదరదు. ఐదింటికి గ్రనాడా రైలు,” అన్నాడు లోకనాథ్, వంతెన మధ్యలో ఆగిపోయిన భార్యతో.

ఉషారాణి ఇంకా వెనక్కే చూస్తోంది. స్పెయిన్‌లోని ఈ కోర్డొబా ఊళ్ళో మే నెల వస్తే ఇళ్ళవాళ్ళు వీధి తలుపులు బార్లా తీసి, లోపలి మండువాల్లో గోడలనిండా పెంచిన పూలకుండీల్ని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. వీళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నపు వేళని తలుపులు మూసేశారు. మళ్ళీ ఆరింటికి తీస్తారట.

“ఒక్క ఇల్లు చూసి వచ్చేద్దామండీ. నిలువు గోడ మీద అంత ఎత్తున ఉన్న కుండీలకి నీళ్ళెలా పోస్తారో...”

“యూట్యూబ్‌లో చూపిస్తాలే.”

“బాగుంది సంబడం! కడియంలో పుట్టి, కడియంలోనే మెట్టి, ఇంటి చుట్టూ ఎనిమిదెకరాల నర్సరీ పెట్టుకుని, కుండీలు చూడ్డానికి ఇంత దూరం రావాలా?” అత్తగారు పాపాయమ్మ అందుకుంది. “ఒరే లోకా, రేపు ఆ గ్రనాడా కోటకి టిక్కెట్టు ఎన్నింటికిరా?”

“మధ్యాహ్నం రెండింటికమ్మా.”

“సరే, నీ ఇష్టం.”

ఉషారాణి ఫోన్‌లో తను తీసుకున్న ఫొటో చూసుకుంటూ నిలబడింది. అందులో ఉన్నది ఒక మూసిన తలుపు.

పాపాయమ్మ కొంగు ముడి విప్పింది. రాజమండ్రిలో రైలు వంతెన ఎక్కిన ప్రతిసారీ గోదారమ్మకి నాణెం వేసిన చెయ్యి అది. పేరు నోరు తిరగకపోయినా ఏరు ఏరే కదా. కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలించి ఏదో మొక్కుకుంది, విసిరింది. ఎండకి తళుక్కుమని ఓ మెరుపు కిందికి పోయింది.

కళ్ళు తెరిచి కొంగు తడుముకుంది.

“అయ్యో! ఒరే, బిళ్ళరా!”

“ఏం బిళ్ళ?”

“అదేరా, పెట్టెలు దాచుకున్నందుకు ఆ కొట్టులో ఇచ్చిన ఇత్తడి బిళ్ళ. నీ జేబులో ఉంటే పారేసుకుంటావని నువ్వే కదా నా ముడిలో కట్టావు? నాణెమూ అదీ ఒక్క సైజులో ఏడిస్తేనూ...”

లోకనాథ్ వంతెన గోడ మీంచి వంగి చూశాడు. కింద నీళ్ళు, రెల్లు, రెండు బాతులు.

తొమ్మిదో తరగతి కూతురు సుప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది. “నాన్నా, మామ్మ మన పెట్టెల్ని నిమజ్జనం చేసేసింది!”

స్టేషన్ పక్కనున్న ఆ కొట్టుకి నలుగురూ పరిగెత్తారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చెప్పిందంతా సుప్రియ ఫోన్‌లో తెలుగులోకి మారి వినిపించింది. బిళ్ళ లేకపోతే యజమాని స్వయంగా పెట్టెలు తెరిపించి చూశాకే ఇస్తాడు. ఆయన భోంచేసి పడుకున్నాడు. ఐదున్నరకి గానీ రాడు.

“మధ్యాహ్నం పడుకుంటాడా? బుద్ధిమంతుడు,” అంది పాపాయమ్మ. కొడుకు చూసిన చూపుకి టక్కున నోరు మూసుకుంది.

ఐదింటి రైలు వాళ్ళ కళ్ళముందే వెళ్ళిపోయింది. మళ్ళీ రైలు మర్నాడు పొద్దున్నే.

ఐదున్నరకి యజమాని ఆవలిస్తూ వచ్చాడు. బిళ్ళ నంబరు అడిగాడు. “పదిహేడు” అంది ఉషారాణి. నంబరు ఎవరైనా చెబుతారు, పెట్టెలు మీవేనని నమ్మకమేంటి అన్నాడు.

“ఎర్ర పెట్టెలో పైనే సీసా ఉంటుంది. మూత తీసి వాసన చూడమనవే,” అంది పాపాయమ్మ.

ఆయన మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూడు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ, నాలుగు పెట్టెలూ వాళ్ళ ముందుకు తోసేశాడు. ఆవకాయ కంటే గట్టి సాక్ష్యం ఇంకేముంటుంది!

దగ్గర్లోనే ఒక హోటల్లో గది దొరికింది. పెట్టెలు పడేసి, “ఇంకేం చేస్తాం, పదండి,” అన్నాడు లోకనాథ్. ఉషారాణి అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది.

మొదటి ఇంటి మండువాలో అడుగుపెట్టగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. సున్నం కొట్టిన తెల్లటి గోడలకి నేల నుంచి చూరు దాకా నీలం కుండీలు, ప్రతి కుండీలోంచీ కిందికి పొంగిన ఎర్రటి పూలు. ఇంటావిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. పొడుగాటి వెదురు కొసకి ఒక రేకు డబ్బా కట్టి, దాంతో పై వరసకి నీళ్ళు పోస్తోంది.

“ఓహో! ఇంతేనా!” ఉషారాణి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ముసలావిడ నవ్వి వెదురు చేతికిచ్చింది. ఉషారాణి డబ్బా ముంచి, పైకెత్తి, చూరు కింది కుండీలో వంచింది. గోడ మీద చుక్క పడలేదు. రెండోది, మూడోది... చూడ్డానికి వచ్చిన జనమంతా చప్పట్లు.

“వీడియో తియ్యవే సుప్రియా!” లోకనాథ్ గొంతు అందరికంటే పైన ఉంది. “మన నర్సరీ గేటు దగ్గర ఇలాంటి గోడే కడదాం. మీ అమ్మకి వదిలేద్దాం. అమ్మా, ఆ బిళ్ళ ఏట్లో వెయ్యడమే మంచిదైందే!”

“నాదేముందిరా, అంతా గంగమ్మ దయ,” అంది పాపాయమ్మ.

తండ్రీకూతుళ్ళు పక్కింటి మండువాలోకి పరిగెత్తారు. వెనకే బయల్దేరిన ఉషారాణికి గుమ్మం దగ్గర పళ్ళెం కనబడింది. వచ్చినవాళ్ళు అందులో తోచింది వేసి వెళ్తున్నారు.

“అత్తయ్యగారూ, మీ దగ్గర నాణెం ఉందా?”

“ఉన్న ఒక్క నాణెమూ మధ్యాహ్నం ఏట్లో వేసేశానుగా,” అంటూ పాపాయమ్మ కొంగు ముడి విప్పి, పదిహేడో నంబరు ఇత్తడి బిళ్ళ తీసి, కోడలి గుప్పిట్లో పెట్టి మూసింది. “ఇది రేపు రైలెక్కే ముందు ఆ కొట్టాయనకి ఇచ్చెయ్యి. మీ ఆయన చూడకుండా.”