టీ కొట్టు అన్న, పంక్చరు తమ్ముడు

"ఈ పొద్దు టీ కొట్టాయన ఏం జేసినాడే?" మగ్గం గుంటలోంచి లక్ష్మప్ప అడిగాడు.

రాట్నం మీద ఉమాదేవి చెయ్యి ఆగింది. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి.

ఎమ్మిగనూరులోని ఆ ఇంట్లో మగ్గం గోడవైపు తిరిగి ఉంటుంది. అది ఆడుతుంటే టీవీలో మాట ఒక్కటీ వినబడదు. అందుకని నూలు కండెలు చుట్టుకుంటూ ఆమె చూస్తుంది, ప్రకటనలు రాగానే ఆయన మగ్గం ఆపి కథ చెప్పించుకుంటాడు. ఇప్పుడు నడుస్తున్నది ఒక లాయరు హత్య సీరియల్.

"ఏం జేస్తాడు? ఎదురుంగ తమ్ముని పంక్చరు కొట్టు. ఒకసారి సూసి మొగం తిప్పుకున్నాడు."

"లాయర్ని సంపిందెవరో తేల్చకుండా వీళ్ల గొడవెందుకే మధ్యలో? కత సాగదీయనీకి పెట్టింటారు."

"నీకేం తెలుసు? ఇట్లాంటి సిన్న కతల్లోనే అసలు సంగతి దాసిపెడతారు."

నిజానికి ఆ సీరియల్లో టీ కొట్టూ లేదు, పంక్చరు కొట్టూ లేదు. ఉన్నదల్లా ఒక శవం, ఒక ఇన్‌స్పెక్టరు, నలుగురు అబద్ధాలకోరులు. ఆ అన్నదమ్ములను పది రోజుల కిందట ఉమాదేవే పుట్టించింది.

పుట్టించక ఏం చేస్తుంది? మరిది ఉమేష్ మగ్గం వదిలేసి ఆదోనిలో పత్తి మిల్లులో చేరినప్పుడు, "నీ గడప తొక్కను" అని లక్ష్మప్ప నలుగురి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగేళ్లయింది. వచ్చే గురువారం ఉమేష్ కూతురు నందినికి నిశ్చితార్థం. "పెదనాయన సేతుల మీదగా తాంబూలాలు తీసుకోకుంటే పెండ్లే వద్దంటాంది అక్కా" అని తోడికోడలు గౌరి ఫోన్లో ఏడ్చింది. తమ్ముడి పేరెత్తితే ఈయన అన్నం ముందు నుంచి లేచిపోయే రకం. నేరుగా చెప్పడం కుదరదు.

అబద్ధం ఆడుతున్నందుకు భయంగానే ఉండేది. కానీ ఆయన అడిగే ప్రశ్నలకు ఉత్సాహం పుట్టుకొచ్చేది.

"ఆ తమ్మునికి పిల్లల్లేరా?" అని శనివారం అడిగాడు.

ఆ ఆలోచనే ఆమెకు రాలేదు. "లేకేం? ఒక ఆడపిల్ల ఉంది."

"అయితే టీ కోసమని ఆ పాప పెదనాయన కాడికి వస్తాదేమో సూడు."

భలే ముడి! సోమవారం పాపను చెంబుతో టీ కొట్టుకు పంపించేసి, ఆ పాపకు నిశ్చితార్థం కూడా కుదిర్చేసింది. మొగుడికి కథలు అల్లడం కూడా వచ్చునని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

మంగళవారం మాత్రం ఆయన గొంతు మారింది. "అందరి ముందర ఒట్టు పెట్టుకున్నోడు ఇప్పుడెట్ల పోతాడే? నవ్వరా?"

ఉమాదేవి కండె కింద పెట్టింది. "టీ కొట్టాయన పెండ్లాము కూడా అదే సెప్పింది. నవ్వేటోళ్లు ఒకపూట నవ్వి మరిసిపోతారంట. తాంబూలాల నాడు పెదనాయన రాలేదంటే ఆ బిడ్డ మాత్రం బతికినన్నాళ్లూ మరవదంట."

లక్ష్మప్ప పనిలోకి వంగాడు. మగ్గం మళ్లీ టకటకలాడింది.

బుధవారం ప్రకటనలు వచ్చాయి. "ఏమయిందే?"

"అన్న రోడ్డు దాటినాడు." రేపే నిశ్చితార్థం, ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

ఆయన గుంటలోంచి లేచి, చేతులు కడుక్కుని వచ్చాడు. "తెల్లపంచ తీసిపెట్టు. రేపు పొద్దున్నే ఆదోనికి పోదాం."

గురువారం పెదనాయన చేతుల మీదుగానే తాంబూలాలు మారాయి. ఉమేష్ అన్న పక్కనే కూర్చుని అడగకపోయినా ఓళిగలు వడ్డిస్తూనే ఉన్నాడు. నందిని ముఖం చూసి ఉమాదేవికి కడుపు నిండిపోయింది.

తిరుగు బస్సులో ఇక ఆమె ఊరుకోలేకపోయింది.

"సూసినావా? సీరియల్లో సిన్న కతలకు గూడా అర్థముంటాదని నేను సెప్పలేదా?"

లక్ష్మప్ప కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ మీసాల చాటున నవ్వుకున్నాడు.

"పొద్దున మళ్లీ ఏసేటప్పుడు ఆ సీరియల్ని నేను గూడా దినామూ మన వీధి వీరేష్ హోటల్లో సూస్తాండానే."