కాలెత్తొద్దు బావా

“కాలెత్తొద్దు బావా. ఇసకలో ఈడ్చి నడువు.”

మోకాలి లోతు ఉప్పుటేటిలో నడుస్తూ కాటమరాజు అరుస్తూనే ఉన్నాడు. నలభై అడుగుల ముందు అతని బావ లింగయ్య వెనక్కి చూడకుండా పోతున్నాడు. కొమరోలు బీళ్ళలో గొర్రెల వెంట తిరిగిన మనిషి. గడ్డిలో పాములు తప్పుకోవాలని నేలను దబదబా తొక్కుతూ నడవడం అలవాటు. నీళ్ళలోనూ అలాగే తొక్కుతున్నాడు.

“అడుగున టేకు చేపలుంటయి. ఇసక కప్పుకొని పడుకుంటయి. కాలు ఈడిస్తే అదే తప్పుకొని పోతది. తొక్కితే తోకముల్లు దించుతది.”

“నా ఎనకాల రాబాక. ఇంటికి పో.”

కాటమరాజు ఆగలేదు. మూడేళ్ళు ఈ ఒడ్డునున్న రొయ్యల చెరువుల్లో కూలికి చేశాడు. పాదం ఎత్తకుండా ఇసకను తోసుకుంటూ నడిచాడు. అలా నడిస్తే వేగం ఉండదు. ఇద్దరి మధ్య దూరం పెరుగుతోంది.

పదమూడు రోజుల కిందట అక్క ఉమ పోయింది. ఆమెను మట్టి చేసేటప్పటికే లింగయ్య ఊళ్ళో లేడు. పెద్దకర్మకూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నిన్న సాయంత్రం చెరువు కాపలాదారు సుబ్బన్న ఫోన్ చేసి, మీ ఊరి మనిషి ఒకడు పనికొచ్చాడు, ఎవరితోనూ మాట్లాడడు, అన్నం సరిగ్గా తినడు అని చెప్పాడు. కాటమరాజు తెల్లవారగానే బస్సెక్కాడు. మధ్యాహ్నం చెరువు గట్టు మీద కాటమరాజు కనబడగానే లింగయ్య చేతిలో తట్ట పారేసి ఏటిలోకి దిగాడు.

“బావా, నిలబడు. అటు లోతు.”

“లోతైతేనే మంచిది.”

ఆ మరుసటి అడుగుకే లింగయ్య గొంతు చించుకుని అరిచాడు. చాటంత నల్లటిదేదో నీటి అడుగున ఒక్కసారి కొట్టుకుని మాయమైంది. అతను కూలబడ్డాడు. చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి.

కాటమరాజు చేరేసరికి చీలమండ పక్కన ముల్లు లోతుగా దిగి ఉంది. లింగయ్య రెండు చేతులతో దాన్ని పీకబోతున్నాడు.

“పీకొద్దు. దానికి రంపం పండ్లుంటయి. కండంతా చీల్చుకొని వస్తది.”

లింగయ్య వినలేదు. కాటమరాజు అతని చెంప మీద పళ్ళు కదిలేలా కొట్టాడు. లింగయ్య పక్కనున్న వలగుంజను ఊడబెరికి అతని తల మీద బాదాడు. నుదురు పగిలి రక్తం కళ్ళలోకి కారింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోసారి కాటమరాజు గుంజను పట్టుకుని లాగి దూరంగా విసిరాడు. లింగయ్య తల నీళ్ళలో ముంచుకున్నాడు. కాటమరాజు జుట్టు పట్టి పైకి లేపాడు. మళ్ళీ ముంచుకుంటే మళ్ళీ లేపాడు.

“నన్నొదిలెయ్ రాజూ. ఈడనే సావనీ.”

“నువ్వు సావగూడదు బావా. అందుకే ఇంత దూరం వచ్చినా.”

అతన్ని భుజాన వేసుకుని, పాదాలు ఈడ్చుకుంటూనే ఒడ్డుకు నడిచాడు. దారిపొడుగునా వీపు మీద పిడిగుద్దులు పడుతూనే ఉన్నాయి.

కాపలా గుడిసె ముందు సుబ్బన్న నీళ్ళు కాచాడు. కాటమరాజు తన చెయ్యి పెట్టి, ఓర్చుకోగల వేడేనని చూసుకున్నాకే లింగయ్య కాలిని బకెట్లో ముంచాడు. చల్లారినప్పుడల్లా కాగిన నీళ్ళు కలిపాడు. లింగయ్య గింజుకుని అరుస్తూ ముల్లు మీదికే చేతులు పోనిస్తుంటే, తువ్వాలుతో వెనక్కి విరిచి కట్టేశాడు. అరగంటకు అరుపులు మూలుగులయ్యాయి.

“పాపం, పెళ్ళాం పోయిన దిగులు మనిషినిట్టా చేసింది,” అన్నాడు సుబ్బన్న.

కాటమరాజు బకెట్లో చెయ్యి పెట్టి మళ్ళీ వేడి చూశాడు. జేబులో ఫోన్ మోగింది. తల్లి రమణమ్మ.

“దొరికినాడా నాయనా?”

“దొరికినాడుమా.”

“పానంతో ఉండాడా?”

“ఉండాడు.”

అవతల ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. “జాగర్తగా తోలుకరా. వానికేం కాకూడదు.”

ఆటోలో ఆసుపత్రి దాకా లింగయ్య తల కాటమరాజు ఒడిలోనే ఉంది. గతుకులు వచ్చినప్పుడల్లా దెబ్బ తగిలిన కాలిని అతను చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

డాక్టరు కోసి ముల్లు తీశాడు. వేలెడు పొడవుంది. కాలికి ప్రమాదం లేదన్నాడు. మత్తులో పడుకున్న లింగయ్య పక్కన, బల్ల మీద కాటమరాజు కూర్చున్నాడు.

“వేడినీళ్ళు పెట్టి మంచి పని చేశావు,” అంది నర్సు. “నీ నుదుటికీ కుట్లు పడాలి. పక్క గదిలోకి రా.”

“ఈయన్ని వదిలి కదలనమ్మా. ఈడనే వెయ్యండి.”

“ఇంత దెబ్బ పెట్టుకుని ఇంతసేపు ఆయన్నే చూసుకున్నావా?” ఆమె జాలిగా చూసి, చీటీ మీద లింగయ్య పేరు రాసి, కలం ఆపింది. “నీకేమవుతాడు?”

కాటమరాజు మొదటిసారి కళ్ళు తుడుచుకున్నాడు.

“పానంతో పోలీసులకు అప్పజెప్పాల్సినోడు. మా అక్కను చంపినోడమ్మా.”